ఇంట్లో, చిన్న ఆఫీసులో సొంత రికర్సివ్ డీఎన్‌ఎస్ సర్వర్: అన్‌బౌండ్ పెట్టుకోవడం ఎలా

ఫోన్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ ఏ సైటు తెరిచినా ముందుగా జరిగేది ఆ పేరుకు ఐపీ అడ్రస్ కనుక్కోవడం. ఆ పని మన తరఫున చేసిపెట్టేదే రికర్సివ్ డీఎన్‌ఎస్ సర్వర్. చాలా ఇళ్లలో అది ఇంటర్నెట్ కంపెనీ సర్వరే. కొందరు గూగుల్ వాళ్ల 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1 పెట్టుకుంటారు. ఏది పెట్టుకున్నా, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏ సైటుకు వెళ్తున్నారో ఆ పేర్ల చిట్టా అంతా రోజూ ఒకే కంపెనీ దగ్గరికి చేరుతుంది. ఈ పనిని మన చేతుల్లోకి తెచ్చుకోవచ్చు. దానికి పాత ల్యాప్‌టాప్, రాస్ప్‌బెర్రీ పై, ఆఫీసులో మూలన పడి ఉన్న డెస్క్‌టాప్, ఏదైనా సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేయడం నిమిషాల పని. ఆ సర్వర్ ఎవరికి జవాబు చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది తేల్చి సరిగ్గా రాయడమే అసలు పని. అక్కడ తొందరపడితే మీ సర్వర్ ఇంకొకరి మీద దాడికి పనిముట్టు అవుతుంది.

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సొంత సర్వర్ పెట్టుకున్నంత మాత్రాన మీ ప్రశ్నలు రహస్యం అయిపోవు. అది బయటి సర్వర్లను అడిగే ప్రశ్నలు ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తాయి, ఇంటర్నెట్ కంపెనీ చూడాలనుకుంటే చూడగలదు. మీకు దక్కేవి వేరే: చిట్టా మొత్తం ఒక్క మూడో కంపెనీ చేతిలో పడదు, జవాబులు అసలువో కాదో మీ మెషీనే సంతకాలు సరిచూసుకుంటుంది, ఇంట్లో ప్రింటర్‌కీ కెమెరాకీ పేర్లు పెట్టుకోవచ్చు, తప్పు ఎక్కడుందో వెతకడం మీ చేతిలో ఉంటుంది.

ఈ గైడ్‌లో నేను వాడేది డెబియన్ 12 లినక్స్ మీద అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్. ఉబుంటులోనూ, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లోనూ దాదాపు ఇవే అడుగులు. అన్‌బౌండ్‌ను నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఎల్‌నెట్ ల్యాబ్స్ తయారు చేస్తుంది, 1.0 వెర్షన్ 2008లో వచ్చింది. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ బైండ్, దానికంటే చాలా పాతది, పెద్దది. సొంత డొమైన్లను ప్రపంచానికి చూపించే అథారిటేటివ్ పని, రికర్సివ్ పని రెండూ అది చేస్తుంది. మనకు కావాల్సింది రెండోది ఒక్కటే కాబట్టి అన్‌బౌండ్ నయం. సెట్టింగ్‌లు తక్కువ, పొరపాటుకు చోటూ తక్కువ.

కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ పలికే తీరులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. చుక్కలు, హైఫన్లు, కోలన్లు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

లోపల ఏం జరుగుతుంది

తెలుగు వికీపీడియా తెరుస్తున్నారనుకుందాం. పేరు టీఈ.వికీపీడియా.ఆర్గ్. మీ సర్వర్ ఇప్పుడే ఆన్ అయింది, దానికి ఏమీ తెలియదు. దాని దగ్గర ఉన్నదల్లా రూట్ సర్వర్ల అడ్రస్‌లు. ఆ సర్వర్లకు ఏ నుంచి ఎం వరకు 13 పేర్లు ఉన్నాయి, వాటిని 12 సంస్థలు నడుపుతున్నాయి. ఒక్కో పేరు వెనక ప్రపంచమంతటా ఎన్నో మెషీన్లు ఉంటాయి. మీ సర్వర్ వాటిలో ఒకదాన్ని అడుగుతుంది. రూట్ జవాబు చెప్పదు, "ఆర్గ్ సంగతి ఫలానా సర్వర్లను అడుగు" అని పంపేస్తుంది. ఆర్గ్ సర్వర్లు "వికీపీడియా.ఆర్గ్ సంగతి వికీమీడియా వాళ్ల నేమ్ సర్వర్లకు తెలుసు" అంటాయి. అక్కడికి వెళ్తే చివరి జవాబు వస్తుంది. అది కూడా రెండు ముక్కలు: టీఈ.వికీపీడియా.ఆర్గ్ అనేది డైనా.వికీమీడియా.ఆర్గ్ అనే ఇంకో పేరుకు మారుపేరు, ఆ రెండో పేరుకు ఐపీ అడ్రస్ ఇది అని.

ప్రతి జవాబుతో పాటు ఒక గడువు వస్తుంది, సెకన్లలో. దాన్ని టీటీఎల్ అంటారు. ఆ గడువు తీరేదాకా మీ సర్వర్ ఆ జవాబును మెమరీలో, అంటే క్యాష్‌లో ఉంచుకుంటుంది. ఆర్గ్ సర్వర్లు ఎక్కడున్నాయో ఒకసారి తెలిశాక మళ్లీ రూట్‌ను అడగాల్సిన పని ఉండదు. మొదటి గంట కాస్త నెమ్మదిగా అనిపించినా తర్వాత వేగం పుంజుకునేది ఇందుకే.

ఈ పద్ధతి మూలరూపం 1983లో పాల్ మొకపెట్రిస్ రాసినది, ఇప్పటికీ అమల్లో ఉన్న ప్రధాన పత్రాలు ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1034, 1035 వచ్చింది 1987లో. జవాబు అసలుదో కాదో తేల్చే సంతకాల పద్ధతి, అంటే డీఎన్‌ఎస్‌సెక్, చాలా ఆలస్యంగా చేరింది. రూట్ జోన్‌కు, అంటే రూట్ సర్వర్లు ఇచ్చే జాబితాకు, సంతకం పడింది 2010 జులైలో.

మెషీన్‌ను సిద్ధం చేయండి

మూడు పనులు ముందే చేసుకోవాలి.

మొదటిది, సర్వర్‌కు మారని ఐపీ అడ్రస్. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనో అడ్రస్ రిజర్వేషన్ అనో ఉంటుంది. అక్కడ ఆ మెషీన్‌కు ఒక అడ్రస్ కేటాయించండి. ఈ గైడ్‌లో అది 192.168.1.10 అనుకుందాం. మీ రూటర్ 192.168.0 లేదా 192.168.29 వరస వాడుతుంటే దానికి తగ్గట్టు మార్చుకోండి.

రెండోది, గడియారం. ఇది చాలామంది పట్టించుకోరు, తర్వాత గంటల తరబడి వెతుక్కుంటారు. డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మెషీన్ టైమ్ తప్పుగా ఉంటే నిఖార్సయిన సంతకం కూడా చెల్లనిదిగానే కనిపిస్తుంది, అప్పుడు ఏ పేరూ తెరుచుకోదు. రాస్ప్‌బెర్రీ పై 4లో, అంతకుముందు మోడళ్లలో బ్యాటరీ గడియారం లేదు. రాత్రంతా కరెంటు పోయి పొద్దున వస్తే అది పాత టైమ్‌తో లేస్తుంది. టైమ్ సరిచేసుకోవడానికి ఎన్‌టీపీ సర్వర్ పేరు కావాలి, ఆ పేరు తెలియాలంటే డీఎన్‌ఎస్ కావాలి, డీఎన్‌ఎస్ పనిచేయాలంటే టైమ్ సరిగ్గా ఉండాలి. ఇలా ముడి పడిపోతుంది. దీనికి విరుగుడు, ఎన్‌టీపీ సెట్టింగ్‌లో పేర్లతో పాటు ఒకటి రెండు సర్వర్లను ఐపీ అడ్రస్‌తోనే ఇవ్వడం. మీ రూటర్ ఎన్‌టీపీ సేవ ఇస్తే ఇంకా మంచిది, దాని అడ్రస్ రాయండి. టైమ్ ఎలా ఉందో చూడ్డానికి టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే చాలు.

మూడోది, డీఎన్‌ఎస్ ప్రశ్నలు వచ్చే పోర్ట్ 53 ఖాళీగా ఉందో లేదో చూడటం. ఎస్‌ఎస్ కమాండ్‌ను ఎల్, ఎన్, పీ, యూ ఆప్షన్లతో, ముందు సుడో పెట్టి నడపండి. ఉబుంటులో 127.0.0.53 మీద సిస్టమ్‌డీ-రిసాల్వ్డ్ అనే దాని సొంత డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్ కూర్చుని ఉండటం కనిపిస్తుంది. దాన్ని తీసి పారేయాలని చాలాచోట్ల చెబుతారు. అవసరం లేదు. మనం అన్‌బౌండ్‌ను 0.0.0.0 (అంటే మెషీన్‌కున్న అన్ని అడ్రస్‌లు) మీద కాకుండా మనకు కావాల్సిన రెండు అడ్రస్‌ల మీదే వినమంటే రెండూ గొడవ లేకుండా పక్కపక్కనే నడుస్తాయి.

ఇన్‌స్టాల్

    సుడో ఆప్ట్ అప్‌డేట్
    సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అన్‌బౌండ్ బైండ్9-డీఎన్‌ఎస్‌యుటిల్స్

రెండో ప్యాకేజీ డిగ్ కమాండ్ కోసం. బైండ్ సర్వర్ అందులో రాదు, కంగారు పడకండి. డెబియన్ ప్యాకేజీ రూట్ జోన్ సంతకపు కీని కూడా తెచ్చి /వార్/లిబ్/అన్‌బౌండ్ ఫోల్డర్‌లో రూట్.కీ అనే ఫైలుగా పెడుతుంది, డీఎన్‌ఎస్‌సెక్ తనిఖీని ఆన్ చేసి ఉంచుతుంది. రూట్ సర్వర్ల అడ్రస్‌లు అన్‌బౌండ్‌లోనే ఉంటాయి, విడిగా డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు. 2023 నవంబర్‌లో బీ రూట్ అడ్రస్ 170.247.170.2కి మారింది. అలాంటి మార్పులు ఉన్నా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అన్‌బౌండ్ తనకు తెలిసిన ఏదో ఒక రూట్‌ను అడిగి తాజా జాబితా తెచ్చుకున్నాకే పనిలోకి దిగుతుంది.

కాన్ఫిగ్ ఫైలు

/ఈటీసీ/అన్‌బౌండ్/అన్‌బౌండ్.కాన్ఫ్ అసలు ఫైలు. దాన్ని ముట్టుకోకండి. పక్కనే అన్‌బౌండ్.కాన్ఫ్.డి అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్లన్నీ వాటంతట అవే లోడ్ అవుతాయి. ఇల్లు.కాన్ఫ్ అని మీకు నచ్చిన పేరుతో అక్కడ ఒక కొత్త ఫైలు తెరిచి ఇది రాయండి:

    సర్వర్:
        ఇంటర్‌ఫేస్: 127.0.0.1
        ఇంటర్‌ఫేస్: 192.168.1.10
        యాక్సెస్-కంట్రోల్: 127.0.0.0/8 అలౌ
        యాక్సెస్-కంట్రోల్: 192.168.1.0/24 అలౌ
        హైడ్-ఐడెంటిటీ: యెస్
        హైడ్-వెర్షన్: యెస్
        ప్రీఫెచ్: యెస్
        సర్వ్-ఎక్స్‌పైర్డ్: యెస్
        సర్వ్-ఎక్స్‌పైర్డ్-టీటీఎల్: 86400
        ప్రైవేట్-అడ్రస్: 192.168.0.0/16
        ప్రైవేట్-అడ్రస్: 10.0.0.0/8
        ప్రైవేట్-అడ్రస్: 172.16.0.0/12
        వాల్-లాగ్-లెవెల్: 2

ఇంటర్‌ఫేస్ లైన్లు సర్వర్ ఏ అడ్రస్‌ల మీద వినాలో చెబుతాయి. యాక్సెస్-కంట్రోల్ లైన్లు ఎవరు అడిగితే జవాబివ్వాలో చెబుతాయి; 192.168.1.0/24 అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లన్నీ. ఈ రెండింటి తేడా బుర్రకెక్కించుకోవడం ముఖ్యం. ఇంటర్‌ఫేస్ మీ సర్వర్ వైపు సంగతి, యాక్సెస్-కంట్రోల్ అడిగేవాళ్ల వైపు సంగతి. యాక్సెస్-కంట్రోల్ ఏమీ రాయకపోతే అన్‌బౌండ్ ఆ మెషీన్‌కు తప్ప ఇంకెవరికీ జవాబివ్వదు, మిగతావాళ్లకు రిఫ్యూజ్డ్ అని చెబుతుంది. అందుకే కొత్తగా పెట్టినవాళ్లకు సర్వర్ మీద పనిచేసి ఫోన్‌లో పనిచేయకపోతే తొంభై పాళ్లు కారణం ఈ లైనే.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఫోన్‌లో పనిచేయట్లేదని టెన్షన్ పడి, ఎక్కడో చూసి 0.0.0.0/0 అలౌ అని రాసేస్తారు. పనిచేస్తుంది. లోకంలో ఎవరడిగినా పనిచేస్తుంది. ఇలాంటిదాన్నే ఓపెన్ రిసాల్వర్ అంటారు. డీఎన్‌ఎస్ ఎక్కువగా నడిచేది యూడీపీ మీద, అంటే ముందుగా కనెక్షన్ పెట్టుకోకుండా నేరుగా పంపే పద్ధతి మీద. యూడీపీలో పంపినవాళ్ల అడ్రస్‌ను తప్పుగా రాయడం తేలిక. దాడి చేసేవాడు బాధితుడి అడ్రస్‌ను పంపినవాడి అడ్రస్‌గా పెట్టి మీ సర్వర్‌కు కొన్ని పదుల బైట్ల ప్రశ్న వేస్తాడు. మీ సర్వర్ దానికి ఎన్నో రెట్లు పెద్ద జవాబును బాధితుడి మీదికి పంపుతుంది. వేల సర్వర్లు ఇలా ఒకేసారి చేస్తే ఎంత పెద్ద నెట్‌వర్కైనా కూలుతుంది. 2013 మార్చిలో స్పామ్‌ను అడ్డుకునే సంస్థ స్పామ్‌హాస్ మీద జరిగిన దాడికి వాడుకున్నది ఇలాంటి ఓపెన్ రిసాల్వర్లనే. దాని ఉధృతి సెకనుకు 300 గిగాబిట్ల దాకా వెళ్లిందని అప్పట్లో దాన్ని ఎదుర్కొన్న క్లౌడ్‌ఫ్లేర్ చెప్పింది. ఆ సర్వర్ల యజమానుల్లో ఎక్కువ మందికి తమ మెషీన్ అందులో ఉందని కూడా తెలిసి ఉండదు. కాబట్టి ఎంత తొందరలో ఉన్నా 0.0.0.0/0 రాయకండి. మీ నెట్‌వర్క్ వరస ఏదో చూసి అదే రాయండి.

ప్రీఫెచ్ అంటే తరచుగా అడిగే పేరు గడువు తీరబోతుండగానే ముందే తాజా జవాబు తెచ్చిపెట్టుకోవడం. సర్వ్-ఎక్స్‌పైర్డ్ అంటే గడువు తీరినా పాత జవాబును వెంటనే ఇచ్చి, వెనక కొత్తది తెచ్చుకోవడం. నెట్ నత్తనడక నడిచే చోట ఇది బాగా తేడా చూపిస్తుంది. 86400 అంటే ఒక రోజు. గడువు తీరిన జవాబును అంతకు మించి వాడొద్దని అర్థం. కొందరికి పాత జవాబు ఇవ్వడం నచ్చదు. మీరు సొంత డొమైన్ల అడ్రస్‌లు తరచూ మార్చే పనిలో ఉంటే ఆ రెండు లైన్లు తీసేయండి.

ప్రైవేట్-అడ్రస్ లైన్లు భద్రత కోసం. బయటి డొమైన్ ఏదైనా 192.168 లాంటి ఇంటి అడ్రస్‌ను జవాబుగా ఇస్తే అన్‌బౌండ్ దాన్ని తీసిపారేస్తుంది. చెడ్డ సైటు మీ బ్రౌజర్‌ను అడ్డం పెట్టుకుని మీ రూటర్ పేజీలోకి దూరే దారి ఒకటి ఇలా మూసుకుంటుంది.

క్యాష్ సైజుల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఇంటికీ, పాతిక మంది ఉన్న ఆఫీసుకూ అన్‌బౌండ్ మామూలుగా పెట్టుకునే నాలుగేసి మెగాబైట్లు చాలు. కాలేజీ ల్యాబ్, హాస్టల్ లాంటి చోట అయితే ఎంఎస్‌జీ-క్యాష్-సైజ్ 50ఎం, ఆర్‌ఆర్‌సెట్-క్యాష్-సైజ్ 100ఎం పెట్టండి. రెండోది మొదటిదానికి రెట్టింపు ఉండాలన్నది తయారీదారుల సలహా. అసలు వాడే మెమరీ ఈ లెక్క కంటే రెండు రెట్లకు పైగా ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రతి ప్రశ్నను లాగ్‌లో రాసే లాగ్-క్వెరీస్ అనే సెట్టింగ్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అలాగే ఉంచండి. చిట్టా కంపెనీ చేతికి పోకూడదనే కదా ఈ పని మొదలుపెట్టాం. దాన్ని మనం రాసిపెట్టుకుంటే ఇంట్లో వాళ్లకూ, ఆఫీసులో వాళ్లకూ ఒరిగిందేమీ లేదు. ఏదైనా తప్పు వెతకడానికి కాసేపు ఆన్ చేయాల్సి వస్తే వాళ్లకు చెప్పి ఆన్ చేయండి, పని అయ్యాక తీసేయండి.

సరిచూసి మొదలుపెట్టడం

    సుడో అన్‌బౌండ్-చెక్‌కాన్ఫ్
    సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అన్‌బౌండ్

మొదటి కమాండ్ తప్పుంటే ఏ ఫైలులో ఎన్నో లైన్‌లో ఉందో చెబుతుంది. చాలావరకు కోలన్ మర్చిపోవడమో, సెట్టింగ్ పేరులో అక్షరం తప్పు పడటమో అయి ఉంటుంది. అది నో ఎర్రర్స్ అన్నాకే రెండోది కొట్టండి. తప్పు కాన్ఫిగ్‌తో రీస్టార్ట్ చేస్తే నడుస్తున్న సర్వర్ ఆగిపోతుంది, ఇంట్లో అందరికీ ఒకేసారి నెట్ పోయినట్టు అవుతుంది.

ఇప్పుడు అదే మెషీన్ మీద:

    డిగ్ @127.0.0.1 టీఈ.వికీపీడియా.ఆర్గ్

జవాబును పై నుంచి కిందికి నిదానంగా చదవండి. మొదటి వరసల్లో స్టేటస్ అని ఉంటుంది, అక్కడ నోఎర్రర్ ఉండాలి. దాని కింద ఫ్లాగ్స్‌లో ఆర్‌ఏ అని ఉంటే ఈ సర్వర్ రికర్షన్ చేస్తానంటోంది. ఆన్సర్ సెక్షన్‌లో పైన చెప్పిన రెండు వరసలు కనిపిస్తాయి: మారుపేరు వరస, ఐపీ వరస. ప్రతి వరసలో పేరు పక్కన ఉన్న అంకె టీటీఎల్. అన్నిటికంటే కింద క్వెరీ టైమ్ ఉంటుంది. మొదటిసారి వంద మిల్లీసెకన్లు దాటినా ఆశ్చర్యపోకండి. ఇప్పుడు అదే కమాండ్ మళ్లీ కొట్టండి. క్వెరీ టైమ్ 0కి పడిపోతుంది. టీటీఎల్ అంకెలు మధ్యలో గడిచిన సెకన్ల మేరకు తగ్గి ఉంటాయి. క్యాష్ పనిచేస్తోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత సంతకాల పరీక్ష. డిగ్ @127.0.0.1 ఐఎస్‌సీ.ఆర్గ్ అని కొట్టి ఫ్లాగ్స్ చూడండి. అక్కడ ఏడీ అనే రెండక్షరాలు ఉంటే సంతకం సరిపోయినట్టు. వికీపీడియాకు ఆ అక్షరాలు కనిపించకపోతే తప్పేమీ కాదు, సంతకం పెట్టుకోని డొమైన్లు చాలా ఉన్నాయి. ఆ తర్వాత కావాలనే చెడు సంతకంతో ఉంచిన డొమైన్‌ను అడగండి:

    డిగ్ @127.0.0.1 డీఎన్‌ఎస్‌సెక్-ఫెయిల్డ్.ఆర్గ్

ఇక్కడ స్టేటస్ సర్వ్‌ఫెయిల్ రావాలి. ఐపీ వస్తే మీ తనిఖీ పనిచేయడం లేదని అర్థం. అదే కమాండ్ చివర +సీడీ చేరిస్తే తనిఖీ లేకుండా ఇవ్వమని అడిగినట్టు, అప్పుడు జవాబు వస్తుంది. ఈ +సీడీ ముందు ముందు మీకు చాలా పనికొస్తుంది.

ఒక సరదా పరీక్ష కూడా చేయండి. డిగ్ @127.0.0.1 భారత్ ఎన్‌ఎస్ అని, ఈసారి భారత్ అన్న పేరును తెలుగులోనే కొట్టండి. డాట్ భారత్ తెలుగు లిపిలో 2011 నుంచి రూట్ జోన్‌లో ఉంది. జవాబులో ఆ పేరు ఎక్స్‌ఎన్‌తో మొదలయ్యే రూపంలో కనిపించొచ్చు. డీఎన్‌ఎస్ తీగల మీద తెలుగు పేర్లు వెళ్లేది ఆ రూపంలోనే.

ఫైర్‌వాల్, రూటర్

సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ వాడుతుంటే 192.168.1.0/24 నుంచి పోర్ట్ 53కి యూడీపీ, టీసీపీ రెండూ అనుమతించండి. ముందుగా కనెక్షన్ పెట్టుకుని పంపే టీసీపీని చాలామంది వదిలేస్తారు. పెద్ద జవాబు యూడీపీలో పట్టనప్పుడు అడిగిన మెషీన్ టీసీపీతో మళ్లీ అడుగుతుంది, అది మూసి ఉంటే అప్పుడప్పుడూ ఏదో ఒక సైటు మాత్రమే తెరుచుకోకుండా వేధిస్తుంది. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరిచి 53 బయటికి తెరిచి లేదని నిర్ధారించుకోండి.

సర్వర్‌ను ఇంట్లో కాకుండా అద్దె క్లౌడ్ మెషీన్ మీద పెట్టాలనుకునేవాళ్లకు నా సలహా ఒకటే: పోర్ట్ 53ను పబ్లిక్ అడ్రస్ మీద విననివ్వకండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ పెట్టుకుని, ఇంటర్‌ఫేస్ లైన్‌లో టన్నెల్ అడ్రస్ మాత్రమే రాయండి.

ఇప్పుడు రూటర్ డీహెచ్‌సీపీ పేజీలో డీఎన్‌ఎస్ అడ్రస్‌గా 192.168.1.10 ఇవ్వండి. రెండో డబ్బా ఖాళీగా వదలడానికి మనసొప్పదు, 8.8.8.8 పెడదామనిపిస్తుంది. అలా పెడితే మొదటిది పోయినప్పుడే రెండోదాన్ని అడుగుతాయన్న గ్యారంటీ లేదు. చాలా ఫోన్లు, కంప్యూటర్లు వీలును బట్టి దేన్నైనా అడుగుతాయి. సగం ప్రశ్నలు బయటికి పోతాయి, ఇంటి ప్రింటర్ పేరు ఒకసారి దొరికి ఒకసారి దొరకదు. రెండోది కావాలంటే ఇంకో చిన్న మెషీన్ మీద ఇదే అన్‌బౌండ్ పెట్టండి. అది కుదరకపోతే ఖాళీగా వదిలి, సర్వర్‌నూ రూటర్‌నూ ఒకే యూపీఎస్ మీద పెట్టండి.

ఫోన్లలో వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే కొత్త అడ్రస్ తీసుకుంటాయి. అయినా కొన్ని ప్రశ్నలు సర్వర్‌కు రాకపోవచ్చు. కారణాలు సాధారణంగా మూడు. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ దగ్గర ఎవరిదో పేరు రాసి ఉండొచ్చు. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆన్ చేసి ఉండొచ్చు. మూడోది అంత త్వరగా తట్టనిది: ఐపీవీ6. ఐపీవీ6 ఉన్న కనెక్షన్లలో రూటర్ తన ఐపీవీ6 డీఎన్‌ఎస్ అడ్రస్‌ను విడిగా అందరికీ ప్రకటిస్తుంది, ఫోన్లు దాన్నే పట్టుకుంటాయి. రూటర్‌లో ఆ ప్రకటన ఆపేయండి. ఆపే వీలు లేకపోతే సర్వర్ ఐపీవీ6 అడ్రస్‌ను అక్కడ ఇచ్చి, దానికి సరిపోయే ఇంటర్‌ఫేస్, యాక్సెస్-కంట్రోల్ లైన్లు చేర్చండి. ఐపీవీ6లో సర్వర్‌కు బయటి నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్ ఉంటుంది. కాబట్టి ఇంటి లోపల వాడే, ఎఫ్‌డీతో మొదలయ్యే అడ్రస్ మీద మాత్రమే విననివ్వడం క్షేమం.

ఇంటి పేర్లు

ప్రింటర్, కెమెరా, ఫైల్ సర్వర్లకు పేర్లు పెట్టుకోవడానికి హోమ్.ఆర్పా అనే డొమైన్‌ను 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8375 ప్రత్యేకంగా ఇళ్ల కోసం కేటాయించింది. డాట్ లోకల్ వాడకండి, అది వేరే పద్ధతికి చెందినది, ఆపిల్ పరికరాలూ లినక్స్ మెషీన్లూ దాన్ని డీఎన్‌ఎస్‌లో అడగవు. అదే ఫైలులో సర్వర్ భాగంలోనే చేర్చండి:

        లోకల్-జోన్: "హోమ్.ఆర్పా." స్టాటిక్
        లోకల్-డేటా: "ప్రింటర్.హోమ్.ఆర్పా. ఇన్ ఏ 192.168.1.20"

పేరు చివర చుక్క మర్చిపోకండి.

తేడా వస్తే

మొదట చూడాల్సింది లాగ్: జర్నల్‌సీటీఎల్ -యూ అన్‌బౌండ్. ఒక్క సైటే సర్వ్‌ఫెయిల్ ఇస్తుంటే దాన్ని డిగ్‌లో +సీడీతో అడగండి. అప్పుడు జవాబొస్తే ఆ డొమైన్ వాళ్ల సంతకంలో తేడా ఉంది. వాల్-లాగ్-లెవెల్ 2 పెట్టుకున్నాం కాబట్టి కారణం లాగ్‌లో ఉంటుంది. వాళ్లు సరిచేసుకునేదాకా ఆగలేని పని అయితే ఆ ఒక్క డొమైన్‌కు డొమైన్-ఇన్‌సెక్యూర్ లైన్ రాయండి, వారంలో తీసేయండి. మొత్తం తనిఖీని ఆపే సెట్టింగ్ జోలికి వెళ్లకండి.

అన్ని సైట్లూ సర్వ్‌ఫెయిల్ ఇస్తుంటే ముందు గడియారం చూడండి. అది సరిగ్గానే ఉంటే మీ ఇంటర్నెట్ కంపెనీ పోర్ట్ 53 ప్రశ్నలను మధ్యలో పట్టుకుని తన సర్వర్‌కు మళ్లిస్తోందేమో చూడాలి. దీనికి చక్కటి పరీక్ష ఉంది:

    డిగ్ @192.0.2.1 టీఈ.వికీపీడియా.ఆర్గ్

192.0.2.1 పుస్తకాల్లో ఉదాహరణల కోసమే కేటాయించిన వరసలోది, అక్కడ ఏ సర్వర్ ఉండదు. కాబట్టి జవాబు రాకూడదు, టైమ్‌అవుట్ కావాలి. జవాబు వచ్చిందంటే మధ్యలో ఎవరో అందుకుని చెబుతున్నారు. అలాంటి కనెక్షన్ మీద నేరుగా రూట్ నుంచి అడగడం సాగదు. అప్పుడు ప్రశ్నలను టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌తో క్వాడ్9 లాంటి బయటి రికర్సివ్ సర్వర్‌కు ఫార్వర్డ్ చేయడం తప్ప దారి లేదు:

    సర్వర్:
        టీఎల్‌ఎస్-సర్ట్-బండిల్: /ఈటీసీ/ఎస్‌ఎస్‌ఎల్/సర్ట్స్/సీఏ-సర్టిఫికెట్స్.సీఆర్‌టీ
    ఫార్వర్డ్-జోన్:
        నేమ్: "."
        ఫార్వర్డ్-టీఎల్‌ఎస్-అప్‌స్ట్రీమ్: యెస్
        ఫార్వర్డ్-అడ్రర్: 9.9.9.9@853#డీఎన్‌ఎస్.క్వాడ్9.నెట్

చివరి సెట్టింగ్ పేరులో అడ్రస్ అని పూర్తిగా రాయకండి, ఏ డీ డీ ఆర్ అన్న నాలుగు అక్షరాలే. హ్యాష్ గుర్తు తర్వాతి పేరు కూడా తప్పనిసరి, సర్టిఫికెట్ సరిచూసేది దానితోనే. ఇలా చేస్తే చిట్టా మళ్లీ ఒకరి చేతికి పోతుంది. కానీ తనిఖీ, క్యాష్, ఇంటి పేర్లు మీ దగ్గరే ఉంటాయి, దారిలో ఎవరూ చదవలేరు. ఈ కనెక్షన్ మారాక ఆ భాగం తీసేసి నేరుగా అడగడానికి రండి.

నడుస్తూ ఉండాలంటే

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపకండి. 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ బయటపెట్టిన క్యాష్ పాయిజనింగ్ (క్యాష్‌లోకి దొంగ జవాబులు ఎక్కించే) లోపం అప్పటి డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్లలో ఎన్నింటినో ఒకేసారి మార్చేలా చేసింది. అలాంటి లోపాలు ఇప్పటికీ అప్పుడప్పుడూ బయటపడుతూనే ఉంటాయి. అప్‌డేట్లను తనంతట తానే వేసే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ పెట్టేస్తే ఆ బెంగ ఉండదు.

నెలకోసారి సుడో అన్‌బౌండ్-కంట్రోల్ స్టాట్స్_నోరీసెట్ కొట్టి చూడండి. కనెక్ట్ కాలేదంటే కాన్ఫిగ్‌లో రిమోట్-కంట్రోల్: అనే భాగం కింద కంట్రోల్-ఎనేబుల్: యెస్ చేర్చాలి. అందులో మొత్తం ప్రశ్నలు ఎన్ని, క్యాష్ నుంచి ఇచ్చినవి ఎన్ని అని రెండు లెక్కలుంటాయి. మొత్తం ప్రశ్నల లెక్క హఠాత్తుగా పెరిగితే, ఇంట్లో ఏదో పరికరం అదే పనిగా అడుగుతోందో, బయటి నుంచి ఎవరైనా దారి కనిపెట్టారో చూడాలి. బయటి దారి సంగతి తేల్చుకోవడానికి వేరే చోటి కనెక్షన్ నుంచి మీ ఇంటి పబ్లిక్ అడ్రస్‌ను డిగ్‌తో అడగండి. టైమ్‌అవుట్ అయితే సరే. రిఫ్యూజ్డ్ వచ్చినా సరిపోదు, పోర్ట్ తెరిచే ఉందని అర్థం, రూటర్‌లో మూసేయండి.

రూట్ కీ మార్పు మొదటిసారి 2018 అక్టోబర్ 11న జరిగింది. తర్వాతి కీ 2025 జనవరి నుంచి రూట్ జోన్‌లో కనిపిస్తోంది. అన్‌బౌండ్ దాన్ని తనంతట తానే గమనించి రూట్.కీ ఫైలులో రాసుకుంటుంది, కానీ రాయాలంటే ఆ ఫోల్డర్ అన్‌బౌండ్ యూజర్ పేరు మీద ఉండాలి. ఫైలు తెరిచి చూస్తే 20326, 38696 అన్న రెండు కీ నంబర్లు, వాటి పక్కన వ్యాలిడ్ అని ఉండాలి. ఒక్కటే ఉంటే ఫోల్డర్ పర్మిషన్ సరిచేసి సర్వర్‌ను నడవనివ్వండి. కొత్త కీని నమ్మడానికి ముందు అది 30 రోజులు గమనిస్తుంది కాబట్టి ఈ తనిఖీని ఆఖరి నిమిషం దాకా ఆపకండి.